బోణీ బ్రెడ్డు

గిద్దలూరు బస్టాండుకు ఎదురుగా ఈమధ్యనే ఒక బేకరీ తెరిచారు. సాయంత్రం బడి నుంచి ఇంటికి నడిచి వస్తుంటే, దాని అద్దాల తలుపు తెరుచుకున్నప్పుడల్లా కాలిన మైదా వాసన, కొంచెం డాల్డా, కొంచెం వెనిల్లా కలుపుకుని, రోడ్డు మీదికి వచ్చి, పక్కనున్న మిరపకాయ బజ్జీల బండి వాసనతో కాసేపు కుస్తీ పట్టి, ఓడిపోయి మళ్ళీ లోపలికి పోతుంది. నాతో పనిచేసే టీచర్లకు ఆ వాసన తగిలితే పుట్టినరోజులు గుర్తొస్తాయట. నాకు జ్వరం గుర్తొస్తుంది. నేను పెరిగిన మార్కాపురంలో, కనీసం మా వీధిలో, బ్రెడ్డు తిండి కాదు, మందు. జొన్నరొట్టె ఆరోగ్యవంతులకు, బ్రెడ్డు రోగులకు. ఎవరి చేతిలోనైనా బ్రెడ్డు పొట్లం కనబడితే "ఎవరికి బాగలేదు?" అని అడగడం మర్యాద, అడగకపోవడం పొగరు. అట్లాంటి వీధిలో ఏ జబ్బూ లేకుండా వారం వారం బ్రెడ్డు తిన్న పిల్లను నేనొక్కదాన్నే. ఇది నా గొప్పతనం కాదు, మా అమ్మ ఉద్యోగం.

ఉద్యోగమని మేము అనుకునేవాళ్ళం. జీతం చూసినవాళ్ళు మాత్రం సరదాకు చేస్తోందనుకునేవాళ్ళు. అమ్మ ధరలు రాసేది. గురువారం గురువారం బజారుకు పోయి, పైవాళ్ళు చెప్పిన దుకాణాల్లో, వాళ్ళు చెప్పిన సరుకులకు, మామూలు మనిషి ఆ వారం ఎంత పెట్టి కొంటున్నాడో కనుక్కుని, అచ్చు వేసిన కాగితంలో గళ్ళు నింపి, మండలాఫీసులో ఒక నకలిచ్చి, పోస్టు చెయ్యాలి. బియ్యం, కందిపప్పు, కిరసనాయిలు, బట్టల సబ్బు, బ్రెడ్డు. ఇట్ల ఊరూరి నుంచీ వచ్చిన కాగితాలన్నీ కలిపి, మనిషి బతకడానికి అయ్యే ఖర్చు ఎంత పెరిగిందో ఎక్కడో పెద్దవాళ్ళు లెక్క కడతారని అమ్మ చెప్పేది. దుకాణం మారకూడదు, తూకం మారకూడదు, రకం మారకూడదు. మారవలసింది ధర ఒక్కటే. బజారు వాళ్ళు ఆమెకు ధరలమ్మ అని పేరు పెట్టారు. పోలేరమ్మ, అంకమ్మల వరసలో ధరలమ్మ. ఆదివారం చర్చిలో ముందు చాప మీద కూర్చుని గొంతెత్తి పాడే మా అమ్మకు ఈ గ్రామదేవత హోదా కొంచెం ఇరకాటంగానే ఉండేది.

మా అవ్వ, అంటే నాయన తల్లి, బజారు వాళ్ళకంటే ఒక మెట్టు పైనుండేది. ఆమెకు చూపు సరిగా ఆనేది కాదు. వసారాలో గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని, చేటలో చెనిక్కాయలు ఒలుస్తూ, వీధిలో పోయేవాళ్ళను అడుగుల చప్పుడును బట్టి పేరుపెట్టి పిలిచి, పొయ్యి మీద ఏముందో కనుక్కునేది. ఆమె ఆర్థికశాస్త్రం చాలా సూటిది.

"నువ్వు రాస్తాండబట్టే పెరుగుతాండాయి మే. ఒక్క వారం రాయకుండా చూడు, ఎట్ల పెరుగుతాయో నేనూ చూస్తా."

"రాయకపోతే నా జీతం తగ్గుతాది అత్తా," అనేది అమ్మ.

మాది పలకల ఊరు. నాయన పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే మిషను మీద పనిచేసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన కనుబొమలు, చెవుల మీది వెంట్రుకలు, చొక్కా మడతలు అన్నీ బూడిదరంగుకు తిరిగి, పొద్దున పోయిన మనిషి సాయంత్రానికి ముసలివాడై వచ్చినట్టుండేది. రెండు చెంబుల నీళ్ళు పోసుకుంటే మళ్ళీ వయసులోకి వచ్చేవాడు. ఎండాకాలం మా వీధిలో ఆడపిల్లలం పలక ముక్కలతో తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం. వేరే ఊళ్ళలో బిళ్ళ కోసం పెంకులు వెతుక్కుంటారట, మాకా దరిద్రం లేదు. వానలు వెనకబట్టినాక దోర్నాల వైపు నుంచి అడవి సీతాఫలాలు గంపల్లో దిగేవి, వాటి గింజలతో గవ్వలాట. శివరాత్రి ముందు నడిచిపోయే శ్రీశైలం యాత్రికుల పాదాలకు మా అవ్వ నీళ్ళు పోయించేది. యేసును నమ్మిన ఇంట్లో ఇదేందని పాస్టరుగారు అడిగితే, "కాలిన కాళ్ళకు మతమేంది నాయనా" అనేది.

నీళ్ళంటే గుర్తొచ్చింది. అసలు కథంతా నీళ్ళ వల్లనే వచ్చింది. మా వీధి కుళాయికి నీళ్ళు ఏ రోజు వస్తాయో కుళాయికి కూడా తెలిసేది కాదు, వస్తే మాత్రం పొద్దున ఎనిమిదికే. ఆ వేళకు బిందెలతో వరసలో లేకపోతే మళ్ళీ ఎన్నాళ్ళకో. అందుకని అమ్మ తెల్లవారీ తెల్లవారకముందే బజారు పని మొదలుపెట్టేది. అన్నిటికంటే ముందు తెరిచే దుకాణం మస్తాన్ మామ బ్రెడ్డు దుకాణం. దేశంలో బతుకు ఖర్చు ఎంతో తేల్చే ఆ పెద్ద లెక్కకూ మా వీధి కుళాయికీ సంబంధం ఉందని అప్పుడు ఎవరూ కనిపెట్టలేదు.

మస్తాన్ మామ మాకేమీ చుట్టం కాదు. అమ్మ ఆయన్ను అన్నా అనేది కాబట్టి నాకు మామ అయినాడు. దుకాణం వెనక ఇటుకల పొయ్యి, ముందు చెక్క పలకల తలుపులు. ఒక్కో పలకా ఊడదీసి గోడకు ఆనించి, గడప ముందు నీళ్ళు చల్లి, సాంబ్రాణి వేసి, గల్లాపెట్టెకు దండం పెట్టి, అప్పుడు కూర్చునేవాడు. అమ్మ ఉద్యోగంలో చేరిన మొదటి గురువారం పోయి, "బ్రెడ్డు ఎంతన్నా? రాసుకుని పోతా," అందట.

మస్తాన్ మామ గుండె మీద చెయ్యేసుకున్నాడట. "బోణీ కాకుండా రేటు అడిగి ఉత్తచేతుల్తో పోతావా చెల్లెమ్మా? అంతకంటే నా పొయ్యిలో బిందెడు నీళ్ళు పోసి పోరాదా?"

మా ప్రాంతంలో బోణీ అంటే ఆషామాషీ కాదు. పొద్దున మొదటి బేరం ఎట్ల జరిగితే రోజంతా అట్ల జరుగుతుంది. మొదట వచ్చిన మనిషి కొనకుండా పోకూడదు, ఆ మనిషితో గీచి గీచి బేరమాడకూడదు. అమ్మ అయిదు రూపాయలిచ్చి ఒక బ్రెడ్డు కొన్నది, అంతే రాసుకున్నది. ఆ పూట అనుకోకుండా రెండు బస్సుల యాత్రికులు దిగి, మధ్యాహ్నానికల్లా మస్తాన్ మామ దుకాణం ఊడ్చిపెట్టి పోయినారు. ఇంకేముంది, ధరలమ్మ చెయ్యి మంచిదని ఆయన మనసులో రాసుకున్నాడు. అప్పటి నుంచి గురువారం ఎవరు ముందొచ్చినా, "ఉండు పెద్దాయనా, చెల్లెమ్మ రానీ," అని నిలబెట్టేవాడు. అమ్మ ఇచ్చిన అయిదు రూపాయలు కళ్ళకద్దుకుని గల్లాలో వేసేవాడు. అమ్మ ఇంటికొచ్చి బ్రెడ్డు నాకిచ్చి బిందెలెత్తుకునేది. నేను అంచులు వేరు చేసి, అవి అవ్వకు పెట్టి, నడిమి మెత్తని భాగాన్ని చాయ్‌లో ముంచుకుని తినేదాన్ని. అవ్వకు పళ్ళు లేవు, అంచులు గట్టివి. ఆ పంపకం న్యాయం గురించి నాకు పెద్దయ్యాక గానీ తోచలేదు.

ఇది ఇట్ల సాగుతుండగా ఫ్యాక్టరీలో బత్తా గొడవ వచ్చింది. అంతకుముందు పది గంటలకు పనివాళ్ళందరికీ చాయ్, బ్రెడ్డు ఫ్యాక్టరీ వాళ్ళే ఇచ్చేవాళ్ళు. వీధిలో మందైన బ్రెడ్డు అక్కడ మాత్రం తిండే. కొందరు తమ వంతు తినకుండా ఇంట్లో జ్వరమొచ్చిన పిల్లలకని జేబులో వేసుకుపోతున్నారని, పొట్ట నిండని మనిషి మిషను దగ్గర తూలుతున్నాడని చెప్పి, ఓనరు ఆ ఏర్పాటు తీసేసి, బ్రెడ్డు బత్తా అని రోజుకింత చేతికిచ్చాడు. కొన్నాళ్ళకు ఆ బత్తాతో బ్రెడ్డు రావడం మానేసింది. పనివాళ్ళు పోయి అడిగితే ఓనరు ఒకే మాట అన్నాడు. "మీ నోటిమాట నాకొద్దు. మండలాఫీసు బోర్డు మీద ధరల కాగితం అంటిస్తారు గదా, దాంట్లో బ్రెడ్డు పెరిగిన రోజు బత్తా పెంచుతా."

బోర్డు మీది కాగితం అమ్మ రాసిందే. దాంట్లో బ్రెడ్డు అయిదు రూపాయల దగ్గర, మా అవ్వ మాదిరి, కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది.

ఇక నాయన పరిస్థితి చెప్పనలవి కాదు. మిషను పక్కనుంచి ఒకడు, "మామా, మీ ఇంట్లో బ్రెడ్డు ఇంకా అయిదేనంట గదా, ఆ దుకాణమేదో మాక్కూడా చూపియ్యి," అనేవాడు. ఇంకొకడు, "అత్త రాతే మా నుదుటి రాత," అనేవాడు. నాయన మాటలు తక్కువ మనిషి, ఇంటికొచ్చి వాటిని తన లెక్కన ఇంకా కుదించి చెప్పేవాడు.

"టీ బంకు కాడ ఆరున్నర తీసుకుంటాండారు."

"టీ బంకు వాడు వాని లాభం వేసుకుంటాడు. నాకు చెప్పింది మస్తానన్న దుకాణం. నా చేత్తో ఇచ్చి కొంటాండా, అయిదే."

"అందరూ అబద్ధం చెప్తాండారా?"

"నన్ను అబద్ధం రాయమంటావా?"

అక్కడితో ఆగేది. ఇద్దరిదీ నిజమే, అందుకే తెగేది కాదు. అబద్ధమాడే మనిషి ఒక్కరున్నా ఆ తగాదా పొద్దు గుంకేలోపు తీరిపోయేది. పది గంటల వేళ చాయ్ ఒక్కటే తాగి మిషను దగ్గర నిలబడుతున్నాడని నాయన చొక్కా వదులవడం చూసి మాకు తెలుస్తూనే ఉంది. అమ్మ రాత్రి కూడు రెండో మారు వడ్డించేది. ఆయన వద్దనేవాడు.

వానాకాలం మొదట్లో నాయనకు జ్వరం తగిలింది. మందు తెలిసిందే. అమ్మ నా చేతికి అయిదు రూపాయల కాగితమిచ్చి సాయంత్రం మస్తాన్ మామ దగ్గరికి పంపింది. నేనెప్పుడూ ఆ దుకాణానికి సాయంత్రం పోయిందాన్ని కాదు. గిరాకీ కిటకిటలాడుతోంది. నేనిచ్చిన నోటు చూసి మస్తాన్ మామ, "ఆరున్నర పాపా," అన్నాడు.

"మా అమ్మకు అయిదే గదా?"

"అది బోణీ. మీ అమ్మ చెయ్యి వేరు, నీది మామూలు గిరాకీ," అని నవ్వి, బ్రెడ్డు విప్పి, చివరి నుంచి కొన్ని ముక్కలు తీసి పక్కన పెట్టి, మిగిలింది కాగితంలో చుట్టి ఇచ్చాడు. "అయిదుకు ఇంత వస్తాది."

ఇంటికి తెచ్చిన పొట్లాన్ని అమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, "తోవలో తిన్నావా?" అంది. లేదని, మామ తీసుకున్నాడని, బోణీ అన్నాడని నేను ఒక్కో ముక్కా పేర్చినట్టు చెప్పాను. అమ్మ ఆ కురచ బ్రెడ్డు వంక చూస్తూ నిలబడింది. మంచం మీద నుంచి నాయన దుప్పటి తొలగించి, ఆ జ్వరంలోనే నవ్వడం మొదలుపెట్టాడు. "మొగుడు చెప్తే నమ్మకపోతివి. బ్రెడ్డు చెప్తే నమ్మితివి."

అమ్మ నవ్వలేదు. పాలు కాచి, ముక్కలు ముంచి ఆయనకు పెట్టి, వసారాలోకి పోయి అవ్వ పక్కన కూర్చుంది. తను అబద్ధం రాయలేదు, కానీ రాసింది నిజమూ కాదు. మామూలు మనిషి ఇచ్చే ధర రాయమంటే, ఊళ్ళో ఒకే ఒక్క మనిషికిచ్చే ధర రాస్తూ వచ్చింది, ఆ ఒక్క మనిషీ తనే.

తరువాతి గురువారం ఆమె కుళాయి పని అయ్యాక, నన్ను బడికి తోలి, అవ్వను పక్కింటివాళ్ళకు అప్పజెప్పి, ఎండెక్కినాక పోయింది. మస్తాన్ మామ అప్పటిదాకా బోణీ చెయ్యకుండా, వచ్చినవాళ్ళను కూర్చోబెట్టుకుని, తన దుకాణం ముందు తనే అపరాధిలా నిలబడి ఉన్నాడట.

"ఇంతసేపా చెల్లెమ్మా! బ్రెడ్డు చల్లారె, నేను ఉడికిపోతి."

"ఇకమీద నాకోసం చూడొద్దన్నా. బోణీ వేరేవాళ్ళ చేత చేయించుకో. నేను అందరికిచ్చే రేటు రాయాల."

"రెండూ నా రేట్లే గదా? రెండూ రాసుకో."

"కాగితంలో గడి ఒకటే ఉందన్నా."

పొద్దున బోణీ చేసి మధ్యాహ్నం ధర రాసుకోవచ్చు గదా అని నాయన కూడా అడిగాడు. ఒక మనిషి దగ్గర తగ్గింపు తీసుకుంటూ ఆ మనిషి ధర రాయడం ఆమెకు సబబనిపించలేదు. ఆ వారం గడిలో ఆరున్నర రాసి పోస్టు చేసింది.

బోర్డు మీద కాగితం మారగానే పనివాళ్ళు ఓనరు దగ్గరికి పోయారు. ఓనరు మండలాఫీసుకు పోయాడు. ఇన్నాళ్ళూ కదలని బ్రెడ్డు ఒక్క వారంలో ఎట్ల ఎగిరింది, రాసిన మనిషి మొగుడు నా ఫ్యాక్టరీలో బత్తా అడుగుతున్నవాళ్ళలో ఒకడు, కావాలంటే కనుక్కోండి అన్నాడు. బత్తా సంగతి అటుంచి, అమ్మ పని కూడా పోయేట్టుంది. తనిఖీకి ఒంగోలు నుంచి ఒక సారు వచ్చి, లాడ్జిలో దిగి, పొద్దున్నే బజారులో కలవమని కబురుపెట్టాడు. మధ్యాహ్నం పోదాం సార్, పొద్దున బోణీ వేళ అని అమ్మ లాడ్జికి పోయి చెప్పబోతే, "ధరకు వేళేంటమ్మా, ముహూర్తాలు పెళ్ళిళ్ళకు," అన్నాడు. ఆయన గిద్దలూరు పోయే బస్సు అందుకోవాలి.

అమ్మ నన్నూ వెంటబెట్టుకుని పోయింది. సాంబ్రాణి పొగ ఇంకా ఆరలేదు. ప్యాంటు, చొక్కా, చేతిలో తోలు సంచీతో ఇంత పెద్ద మనిషి తన గడప ముందు తొలిబేరంగా నిలబడటం చూసి మస్తాన్ మామ ముఖం పొయ్యిలా వెలిగింది.

"బ్రెడ్డు ఎంతయ్యా?"

"సారు చేత్తో బోణీ! మీకు ఎంతేంది సార్, నాలుగియ్యండి."

సారు నాలుగు రూపాయలిచ్చాడు, బ్రెడ్డు తీసుకున్నాడు, అమ్మ వైపు తిరిగాడు. సంచీలోంచి అమ్మ కాగితం తీసి, ఆరున్నర రాసిన గడి మీద వేలు పెట్టాడు.

"సార్, బస్సుకు ఇంకా టైముంది. ఈ పక్కన కొంచెంసేపు నిలబడండి," అంది అమ్మ.

నిలబడ్డాం. జ్వరం పిల్లను చంకనేసుకుని ఒకామె వచ్చింది. రేటు అడగలేదు, ఆరున్నర ఇచ్చి పొట్లం తీసుకుంది. కనుబొమలు బూడిదరంగున్న ఇద్దరు వచ్చారు, చిల్లర ముందే లెక్కపెట్టి గుప్పిట్లో పట్టుకుని ఉన్నారు, ఇచ్చారు, తీసుకున్నారు. ఎవరూ బేరమాడలేదు, ఎవరికీ మస్తాన్ మామ ధర చెప్పవలసిన పని పడలేదు. అంతమందికి తెలిసిన సంగతి తన ఒక్కడి చేతిలో మాత్రం వేరే విధంగా ఉండటం సారుకు వింతగా తోచింది. మళ్ళీ గల్లా దగ్గరికి పోయాడు.

"నాకు నాలుగుకెందుకిచ్చావయ్యా?"

"మీకు నేను బ్రెడ్డు అమ్మలేదు సార్. మీ చెయ్యి నేను కొనుక్కున్నా," అన్నాడు మస్తాన్ మామ, ఇంత తెలియని మనిషిని ఆఫీసులో ఎట్ల పెట్టుకున్నారన్నట్టు కాకుండా, నిజంగానే మర్యాదగా.

సారు ఇంకో బ్రెడ్డు తీసుకుని ఆరున్నర ఇచ్చాడు. అమ్మ కాగితం మీద ఆ అంకె కింద సంతకం పెట్టాడు. రెండు బ్రెడ్లు సంచీలో పెట్టుకుని బస్టాండు వైపు నడుస్తుంటే, ఎదురొచ్చిన ముసలాయన ఎవరో ఆయన్ను ఆపి, "ఎవరికి బాగలేదు నాయనా?" అని పరామర్శించాడు.

బత్తా పెరిగింది. నాయన పది గంటలకు మళ్ళీ బ్రెడ్డు తిన్నాడు. పెరిగిన వారం తిరగకముందే మస్తాన్ మామ బ్రెడ్డును ఏడు రూపాయలు చేశాడు. "బత్తా పెరిగిందంట గదా చెల్లెమ్మా," అన్నాడట, శుభవార్త విన్నవాడిలా. అమ్మ ఏడని రాసింది. వసారాలో అవ్వ మాత్రం గెలిచిన మనిషిలా కాళ్ళు ఇంకొంచెం చాపింది. "నేను చెప్పలా? రాస్తాండబట్టే."

మా ఇంట్లో గురువారం బ్రెడ్డు ఆగిపోయింది. మధ్యాహ్నం పోయే మనిషి ధర అడిగి ఊరికే వచ్చేయొచ్చు, కొనే పని లేదు. నేనూ వీధిలో మిగతా పిల్లల మాదిరే జ్వరం కోసం ఎదురుచూడవలసి వచ్చింది. మస్తాన్ మామ ఎవరెవరి చేతనో బోణీ చేయించి చూశాడు గానీ, అమ్మ చెయ్యి మానుకున్నకాడ్నుంచి దుకాణం మునుపటి మాదిరి లేదని చివరిదాకా అంటూనే ఉన్నాడు. కోపంగా కాదు, వాతావరణం గురించి చెప్పినట్టు.

ఇప్పుడు మార్కాపురంలో ఆ ఇటుకల పొయ్యి లేదు. పలకలు కోసే షెడ్లు చాలావరకు మూతపడ్డాయి, పిల్లలు రాసుకునే పలక మారిపోయింది. బ్రెడ్డు ఎక్కడి నుంచో వ్యానులో, ధర అచ్చువేసుకునే దిగుతుంది. తెల్లవారుజామున కొన్నా, దీపాలు పెట్టే వేళ కొన్నా, చెయ్యి మంచిదైనా కాకపోయినా ఒకటే ధర. అమ్మ కోరుకున్నది ఇదేననుకుంటాను, గడి ఒకటి, అంకె ఒకటి. ఆ రోజుల్లో ఊరూరా ఏ సరుకు ఎంతకు అమ్మారో రాసిన పాత కాగితాలు ఏ ఆఫీసులోనో కట్టలు కట్టి ఉండే ఉంటాయి, కావలసినవాళ్ళు తీసి చూసుకోవచ్చు. నచ్చిన మనిషికి పొద్దున్నే, పొయ్యి వేడి మీద, కళ్ళకద్దుకుని ఇచ్చే ధర ఎంత ఉండేదో మాత్రం వాటిలో ఎక్కడా దొరకదు. దాన్ని రాయకూడదని తేల్చింది మా అమ్మే.